మార్జిను వదిలి రాయండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1983 పదో తరగతి బ్యాచి. మా బ్యాచిలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, అమెరికా నుంచి నిన్ననే దిగి నిద్ర చాలక ఆవులిస్తున్న మిత్రులున్నారు. నేను మాత్రం తెనాలి దాటిపోలేదు. గంగానమ్మపేటలో మా నాన్నగారు పెట్టిన ప్రెస్సే నడుపుకుంటున్నాను. ఈ సంచిక అచ్చు వేస్తున్నది కూడా మేమే. అచ్చుతప్పులు కనిపిస్తే సంపాదకవర్గాన్ని అనకండి, నన్నే అనండి.

"గడ్డు రోజుల్లో చిన్న వ్యాపారం నిలబడటం ఎలా" అని మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. నాకంటే బాగా చెప్పగల లెక్చరర్లు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు కదా అన్నాను. "వాళ్లు చదివి చెప్తారు, నువ్వు పడి లేచావు కదా, నువ్వే చెప్పు" అన్నాడు. ఆయన నా క్లాసుమేటు. అందుకే అంత చనువు. సరే, పడిందీ చెప్తాను, లేచిందీ చెప్తాను.

మన లెక్కల మాస్టారిని గుర్తు తెచ్చుకోండి. ఇవాళ వారు మన మధ్య లేరు. నోట్సు తెరవగానే పేజీకి ఎడమవైపు రెండు వేళ్ల వెడల్పున మడత పెట్టాలి. మార్జిను లేని నోట్సు ఆయన దిద్దేవారు కాదు, మొహానే విసిరేసేవారు. పేజీ మిగుల్చుకుందామని నేను ఒకసారి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రాశాను. పిలిచి అడిగారు: "లెక్క తప్పు చేశావు, సరే. దిద్దడానికి చోటేదిరా?"

తర్వాత ప్రెస్సులోకి వచ్చాక అదే మాట మెషిను చెప్పింది. ఆఫ్‌సెట్ మెషిను కాగితాన్ని పట్టి లాగాలంటే ఒక అంచున సెంటీమీటరు దాకా ఖాళీ వదలాలి. గ్రిప్పర్ మార్జిను అంటాం. కాగితం వృథా అనుకుని అక్కడ కూడా అక్షరాలు పెడితే మెషిను అవి అచ్చు వేయదు. వ్యాపారానికి కూడా ఇంతే మార్జిను కావాలని తెలుసుకోడానికి నాకు నలభై ఎనిమిదేళ్లు వచ్చాయి. అదీ దెబ్బ తగిలాక.

మా నాన్నగారు 1974లో కాలితో తొక్కే ట్రెడిల్ మెషినుతో మొదలుపెట్టారు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి స్టిక్కులో పేర్చి కంపోజ్ చేసేవారు. శుభలేఖలు, కరపత్రాలు, దుగ్గిరాల పసుపు వ్యాపారుల బిల్లు బుక్కులు - ఇదీ మా పని. 1989లో బీకాం పూర్తిచేసి నేనూ అందులోకి దిగాను. మినీ ఆఫ్‌సెట్ కొన్నాం, కంప్యూటర్ వచ్చింది, కంపోజిటర్లు డీటీపీ నేర్చుకున్నారు. నాన్నగారికి ఒక అలవాటుండేది. ఆషాఢంలోనూ మూఢంలోనూ పెళ్లిళ్లు ఉండవు, శుభలేఖల పని ఉండదు. అందుకని మాఘ ఫాల్గుణాల్లో వచ్చిన డబ్బులో కొంత ఒక పాత హార్లిక్స్ సీసాలో వేసి పైన "మూఢం" అని చీటీ అంటించేవారు. మేము నవ్వేవాళ్లం. నాన్నగారు పోయాక ఆ సీసాలో మా ఆవిడ ఆవాలు పోసింది. చూస్తూ ఊరుకున్నది నేనే.

2014లో నాకు కాస్త ఊపు వచ్చింది. ఒక ప్రైవేటు కాలేజీ పని దొరికింది. పేరు వద్దు. ప్రాస్పెక్టసులు, నోట్సులు, ఆన్సరు బుక్‌లెట్లు, అన్నీ మాకే. నమ్మకంగా 16 లక్షలు పెట్టి రెండు రంగుల సెకండ్ హ్యాండ్ మెషిను తెచ్చాను. 12 లక్షలు బ్యాంకు అప్పు, 13 శాతం వడ్డీ, అయిదేళ్లు, నెలకు 27 వేల పైచిలుకు వాయిదా. రెండేళ్లు బ్రహ్మాండంగా నడిచింది. వచ్చే ప్రతి వంద రూపాయల్లో అరవై ఆ కాలేజీ నుంచే వచ్చేవి. నేను దాన్ని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. "మనకి ఒక్క కస్టమర్ చాలు, తిరగక్కర్లేదు" అని.

2016 నవంబరు 8 రాత్రి 8 గంటలకు 500, 1000 నోట్లు చెల్లవని ప్రకటన వచ్చింది. సరిగ్గా కార్తీకం ముహూర్తాల ముందు. శుభలేఖలు అచ్చయి ర్యాకుల్లో ఉన్నాయి. "బ్యాంకులో వారానికి 24 వేలే ఇస్తున్నారు, కార్డుల బాకీ తర్వాత ఇస్తాం" అన్నారు పార్టీలు. తప్పు వాళ్లది కాదు. పెళ్లి ఇంటివాళ్లు వంటవాళ్లకు ఇస్తారా, నాకు ఇస్తారా? ఆ దెబ్బ ఒక్కటే అయితే తట్టుకునేవాణ్ణి. అదే నెలలో కాలేజీ వాళ్లు ఫీజులు రావడం లేదని నా బిల్లులు ఆపేశారు. అప్పటికి 4 లక్షల 80 వేలు రావాలి. కాగితం కొట్టుకు నేనివ్వాల్సింది ఉంది. బ్యాంకు వాయిదా ఉంది. ఏడుగురికి జీతాలున్నాయి.

అప్పుడు చేయకూడని పని చేశాను. బయట మూడు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చాను. మూడు రూపాయలంటే చిన్న మాటలా వినిపిస్తుంది. పిల్లలూ, లెక్క కట్టండి. నూటికి నెలకు మూడు, ఏడాదికి ముప్ఫై ఆరు. 3 లక్షలకు నెలకు 9 వేలు, అసలు ఒక్క పైసా తగ్గకుండా. ఆ డబ్బుతో ఏం కట్టాను? బ్యాంకు వాయిదా, జీతాలు. అంటే అప్పు తీర్చడానికి అప్పు. మా ఆవిడ గొలుసు, గాజులు తాకట్టుకు వెళ్లాయి. ఆవిడ ఒక్క మాటే అంది: "ఏవండీ, నెలనెలా మనకి షట్టరు తీయడానికి ఎంతవుతుందో మీకు తెలుసా?" తెలియదు. ఇరవై ఏడేళ్లుగా వ్యాపారం చేస్తున్న బీకాం గ్రాడ్యుయేట్‌ని, నాకు తెలియదు.

ఇంకొకటి చెప్పాలి. దీన్ని ఎప్పుడూ సభలో చెప్పలేదు. మా ప్రెస్సులో బైండింగ్ చేసే ఆయన ముప్ఫై ఏళ్లుగా మాతోనే ఉన్నారు. నాన్నగారి కాలం మనిషి. నేను బాబాయ్ అని పిలుస్తాను. డిసెంబరులో జీతాలు ఇవ్వలేక, అప్పులవాళ్లకి మొహం చూపించలేక, ఒక సోమవారం షట్టరు తీయలేదు. ఎవరికీ చెప్పలేదు. ఫోను కట్టేసుకుని ఇంట్లో పడుకున్నాను. నందివెలుగు నుంచి సైకిలు మీద క్యారియర్ తగిలించుకుని వచ్చి, తాళం చూసి, మధ్యాహ్నం దాకా ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చుని వెళ్లిపోయాడట బాబాయ్. అలా మూడు రోజులు. నాలుగో రోజు నుంచి రాలేదు.

2017 మార్చిలో మెషిను అమ్మేశాను. తొమ్మిదిన్నర లక్షలు వచ్చాయి. ఆరున్నర లక్షలు బ్యాంకుకి, మిగిలిన 3 లక్షలు వడ్డీ అప్పుకి సరిపోయాయి. మెషిను లారీ ఎక్కుతుంటే ఊరంతా చూస్తోందనిపించింది. నిజానికి ఎవరి పనుల్లో వాళ్లున్నారు. ఆ రాత్రి చాలా నెలల తర్వాత నిద్ర పట్టింది.

ఆ ఏడాది జూలై 1న జీఎస్టీ వచ్చింది. అందరూ తలలు పట్టుకున్నారు. మాకు మాత్రం పని కురిసింది. ఊళ్లో రిజిస్టరైన ప్రతి కొట్టుకీ జీఎస్టీ నంబరుతో కొత్త బిల్లు బుక్కులు కావాలి. మిగిలిన ఒక్క మినీ ఆఫ్‌సెట్ రాత్రింబవళ్లు తిరిగింది. బైండింగ్‌కి మనిషి లేడు. అప్పుడు నందివెలుగు వెళ్లాను. బాబాయ్ అరుగు మీద కూర్చుని ఉన్నారు. క్షమించమన్నాను. ఆయన అన్న మాట ఇదీ: "పని లేదని చెప్పుంటే అర్థం చేసుకునేవాణ్ణి అబ్బాయ్. మీ నాన్న కూడా చెప్పిన రోజులున్నాయి. తాళం చూసి తెలుసుకోవడమే బాగాలేదు." మర్నాడు పనికి వచ్చారు. ఆ మాట మాత్రం నాతో ఉండిపోయింది.

ఆ తర్వాత నేను మార్చుకున్న పనులు నాలుగు చెప్తాను. ఏ వ్యాపారమైనా, టిఫిన్ బండి నుంచి టైలరింగ్ షాపు దాకా, ఇవి పనికొస్తాయని నా నమ్మకం.

మొదటిది, షట్టరు ఖర్చు లెక్క. ఒక్క ఆర్డరు కూడా రాకపోయినా నెలకు ఎంత కావాలి? మా ఆవిడా నేనూ కూర్చుని రాశాం. అయిదుగురి జీతాలు 60 వేలు. అద్దె 18 వేలు. బ్యాంకు వడ్డీ మూడున్నర వేలు. కరెంటు, ఫోను, చిల్లర ఖర్చులు ఆరున్నర వేలు. మా ఇంటి ఖర్చు 24 వేలు. మొత్తం లక్షా 12 వేలు. ఇంటి ఖర్చు ఎందుకు రాశారని అడుగుతారేమో. గల్లాపెట్టెలోంచి చేతికొచ్చినంత తీసుకుంటే వ్యాపారం లాభంలో ఉందో నష్టంలో ఉందో ఎప్పటికీ తెలియదు. నేనూ నా ప్రెస్సులో జీతగాణ్ణే అనుకోవాలి.

మూడు నెలల షట్టరు ఖర్చు అంటే 3 లక్షల 36 వేలు. అంత ఒక్కసారి ఎక్కడ తెస్తాం? 2018 జనవరి నుంచి వచ్చిన ప్రతి రూపాయిలో అయిదు పైసలు వేరే బ్యాంకు ఖాతాలో వేశాం. నెలకు సగటున 2 లక్షల 60 వేలు వసూలయ్యేవి, 13 వేలు పక్కకు వెళ్లేవి. ఆ ఖాతాకి ఏటీఎం కార్డు తీసుకోలేదు. పాసుబుక్కు మా ఆవిడ దగ్గర. పైన ఏం రాసిందో ఊహించండి: "మూఢం". పంచాంగంలో మూఢం ముందే రాసి ఉంటుంది. వ్యాపారానికి వచ్చే మూఢం ఏ పంచాంగంలోనూ ఉండదు.

రెండోది, ఏ ఒక్కరి మీదా పావు వంతుకు మించి ఆధారపడకూడదు. నెలాఖరున పార్టీల వారీగా జమ రాసి చూస్తాను. ఎవరి వాటా అయినా రూపాయిలో పావలా దాటితే, ఆ నెల కొత్త పార్టీల కోసం నేనే బయల్దేరతాను. పార్టీలే కాదు, పనులూ ఒక్క రకం కాకూడదు. శుభలేఖలకు ముహూర్తాలు కావాలి. మందుల షాపు కవర్లకు అక్కర్లేదు. మిఠాయి డబ్బాలకు పండగలు కావాలి. బిల్లు బుక్కులకు అక్కర్లేదు. ఒకటి పడుకున్నప్పుడు ఇంకొకటి లేస్తుంది.

మూడోది, సొంతం చేసుకోవాలన్న కక్కుర్తి తగ్గించుకోవడం. రంగుల పని వస్తే ఇప్పుడు విజయవాడలో జాబ్ వర్కుకి ఇస్తాను. నాకు మిగిలేది తక్కువే. కానీ పని లేని నెలలో ఆ మెషిను వాయిదా నా మెడకు చుట్టుకోదు. మెషిను కొనొద్దని నేననను. మంచి నెలలో కట్టగలమా అని కాదు, మీకు తెలిసిన చెడ్డ నెలలో కూడా కట్టగలమా అని చూసుకుని కొనండి. బ్యాంకులో క్యాష్ క్రెడిట్ లిమిటు కూడా అవసరం లేని రోజుల్లోనే తీసుకోండి. గొడుగు ఎండలోనే కొనాలి, వానలో కొట్టువాడు దొరకడు.

నాలుగోది, బాకీల సంగతి. ఇప్పుడు సగం అడ్వాన్సు లేనిదే ప్లేటు చేయించను. మొదట్లో కొందరు ముఖం మాడ్చుకున్నారు. కొందరు వెళ్లిపోయారు. వాళ్లలో చాలామంది ఎలాగూ ఇవ్వనివాళ్లే. ఆ కాలేజీ బాకీ పధ్నాలుగు నెలలు తిరిగితే నాలుగు విడతల్లో వచ్చింది, అదీ పూర్తిగా రాలేదు. అప్పుడు నాకు తెలియని విషయం ఒకటుంది, మీరు తెలుసుకోండి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవాళ్లు, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ. ఫిర్యాదు చేయడానికి రాష్ట్రాల్లో ఫెసిలిటేషన్ కౌన్సిళ్లు ఉన్నాయి, 2017లో సమాధాన్ అనే ఆన్‌లైన్ పోర్టల్ వచ్చింది. దానికి మీ సంస్థ ముందుగా రిజిస్టరై ఉండాలి. 2020 జూలై నుంచి దాన్ని ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అంటున్నారు. ఫీజు లేదు. ఆధార్, పాన్ ఉండాలి, ఆన్‌లైన్‌లోనే అవుతుంది. డబ్బు అడిగే ఏజెంట్ల మాట నమ్మొద్దు. ఇంకో సంగతి. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, ఉత్పత్తి, సేవల రంగాల్లోని సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని బిల్లును, చెల్లించేదాకా ఖర్చుగా చూపుకోడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. కాబట్టి పెద్ద పార్టీల అకౌంటెంట్లు కూడా ఇప్పుడు కాస్త తొందరపడుతున్నారు.

ఇక అసలు పరీక్ష. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. చైత్ర వైశాఖాల ముహూర్తాలన్నీ పోయాయి. మళ్లీ అవే ర్యాకులు, మళ్లీ అచ్చయిన శుభలేఖలు. తేదీ మారిపోయిన కార్డుకి విలువ లేదు, పాత పేపర్ల వాడికి తప్ప. అడ్వాన్సులు తిరిగి ఇమ్మని అడిగినవాళ్లూ ఉన్నారు. కానీ ఈసారి "మూఢం" ఖాతాలో ఇరవై ఆరు నెలలుగా దాచిన 3 లక్షల 38 వేలు ఉన్నాయి.

మొదటి వారంలోనే అయిదుగురికీ ఫోను చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను: ఖాతాలో ఇంత ఉంది, ఇంత ఖర్చవుతుంది, ఎన్నాళ్లో తెలియదు. పని లేని రెండు నెలలూ సగం జీతం ఇస్తాను, తర్వాత రెండు నెలలు ముప్పావు వంతు, ఎవరినీ తీసేయను. నా ఇంటి ఖర్చు సగం చేసుకున్నాను. షాపు ఓనరుగారితో కూడా ముందే మాట్లాడితే రెండు నెలలు సగం అద్దె తీసుకున్నారు. బాబాయ్ ఏమన్నారో తెలుసా? "నాకు సగం కూడా వద్దు అబ్బాయ్, ఆ డీటీపీ కుర్రాడికి చంటిబిడ్డ, వాడికివ్వు." నేను వినలేదు. సగం ఇచ్చాను. మూడు నెలలకని దాచిన డబ్బు అలా ఆర్నెల్లు వచ్చింది.

రిజర్వు బ్యాంకు ఆగస్టు ఆఖరు దాకా వాయిదాలు వాయిదా వేసుకోవచ్చంది. మంచిదే. కానీ అది వాయిదాయే, వడ్డీ మాఫీ కాదు. కట్టగలిగినంత కడుతూనే వచ్చాను. అప్పటికే బ్యాంకు అప్పు ఉన్న చిన్న సంస్థలకు, ఫిబ్రవరి 29 నాటి బాకీలో 20 శాతం మేర, పూచీకత్తు లేకుండా ప్రభుత్వ గ్యారంటీతో అదనపు అప్పు ఇచ్చే పథకం మే నెలలో వచ్చింది. నా బాకీ 4 లక్షలు, నాకు 80 వేలు వచ్చాయి. మొదటి ఏడాది అసలు కట్టక్కర్లేదు. దాన్ని జీతాలకు వాడలేదు, కాగితానికి వాడాను. అప్పు తెచ్చిన డబ్బు తిరిగి డబ్బు తెచ్చే చోటే పెట్టాలి. ఇది 2016 నేర్పిన పాఠం.

మరి పని ఎక్కడిది? అన్‌లాక్ కాగానే ప్రతి కొట్టుకూ "మాస్కు లేనిదే ప్రవేశం లేదు" స్టిక్కరు కావాల్సి వచ్చింది. పెళ్లికి యాభై మందికి మించకూడదన్నారు. అయిదు వందల శుభలేఖలు అచ్చు వేయించుకునే ఇల్లు యాభై చాలంది. మిగతావాళ్లకు వాట్సాప్. నేను వాట్సాప్‌ని తిట్టుకుంటూ కూర్చుంటే, మా డీటీపీ కుర్రాడు, "అన్నా, ఆ బొమ్మ కూడా మనమే చేసిద్దాం" అన్నాడు. డిజైనుకు 300 తీసుకున్నాం. చిన్న మొత్తమే. కానీ ఆ పార్టీ మా గడప దాటిపోలేదు. అదే రోజుల్లో మన బడిలోనే చదివిన ఒక చెల్లెలు ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. సీసాలకు లేబుళ్లు కావాలి. బరువు, తయారీ తేదీ, ఆహార భద్రత లైసెన్సు నంబరు అన్నీ ఉండాలి. రెండు వందల లేబుళ్లు ఎవరు వేస్తారని పెద్ద ప్రెస్సులు పంపేశాయట. మేము వేశాం. ఇవాళ చుట్టుపక్కల పచ్చళ్లు, పొడులు, తేనె, నెయ్యి అమ్మేవాళ్లు చాలామంది మా దగ్గరికే వస్తారు. ఒక్కొక్కరిదీ చిన్న ఆర్డరే. అంతా కలిపితే ఆ పాత కాలేజీ పని కంటే నికరం. డబ్బు కూడా చేతికి చేయి.

అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. తర్వాతి రెండేళ్లలో కాగితం ధర విపరీతంగా పెరిగింది. ముందే ఒప్పుకున్న పాత రేటుకు రెండు పెద్ద పనులు నష్టానికి చేసిచ్చాను. మాట ఇచ్చాను కాబట్టి. అప్పటి నుంచి కొటేషన్ మీద "ఈ ధర 7 రోజుల వరకే" అని అచ్చు వేస్తున్నాను. దెబ్బ తగిలిన ప్రతిసారీ ఒక వాక్యం నేర్చుకున్నాను, అంతే.

ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ప్రతి వ్యాపారమూ నిలబడాలని లేదు. మన బ్యాచి మిత్రుడొకడు 2019లో ఫోటో స్టూడియో మూసేశాడు. ప్రతి చేతిలోనూ కెమెరా ఉంది, ఇక లాభం లేదని లెక్క వేసుకుని, సామాను అమ్మి, అందరి బాకీలూ తీర్చి, తాళం ఓనరుకి అప్పగించి వచ్చాడు. ఇప్పుడు ఇంకొకరి దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు, హాయిగా ఉన్నాడు. అతణ్ణి ఓడిపోయినవాడిగా నేను చూడను. జీతాలివ్వడానికి అప్పు తెస్తున్నా, పాత పని పూర్తిచేయడానికి కొత్త పార్టీ అడ్వాన్సు వాడుతున్నా, ఆ వారమే కూర్చుని లెక్క చూసుకోండి. ఇంట్లోవాళ్లకు చెప్పండి. మన దగ్గర వ్యాపారం పోయిన మనుషులు డబ్బు పోయినందుకు కంటే, చెప్పుకోలేక ఎక్కువ నలిగిపోతారు. నేను మూడు రోజులు తలుపేసుకుని పడుకున్న మనిషిని, అందుకే చెప్తున్నాను.

పెద్ద ఉద్యోగాల్లో ఉన్న మిత్రులారా, చివరిగా మీకు ఒక విన్నపం. మీలో చాలామంది బిల్లుల మీద సంతకాలు పెట్టే స్థానంలో ఉన్నారు. చిన్న వ్యాపారులకు సాయం చేయాలనిపిస్తే విరాళం అక్కర్లేదు. మీ టేబుల్ మీద ఉన్న బిల్లు ఈ వారమే పాస్ చేయండి. మీకది ఒక సంతకం. అవతల అయిదుగురికి జీతం. మన సంఘం కూడా ఈ సంచికకు సగం అడ్వాన్సు ఇచ్చాకే పని మొదలుపెట్టాను. కార్యదర్శి నా క్లాసుమేటైనా సరే. మిగతా సగం ఆయన 45 రోజుల్లో ఇస్తాడని, ఇంతమంది సాక్షుల ముందు చెబుతున్నాను.

పిల్లలూ, మీరు ఈ సంచిక చేతిలోకి తీసుకున్నప్పుడు ఒకసారి పేజీ అంచు చూడండి. అన్నివైపులా కొంత ఖాళీ ఉంటుంది. దాని బైండింగ్ మా బాబాయ్ చేతిది. ఆయన ఇవాళ ఆఖరి వరసలో కూర్చున్నారు. నేను పిలిస్తే వేదిక మీదకు రానన్నారు. ఆయన కుట్టిన పుస్తకం విడిపోదు, ఎందుకంటే కుట్టు పడటానికి లోపలివైపు చోటు వదలమని ముందే నాతో దెబ్బలాడతారు.

సంపాదనలో కొంచెం, ఖర్చులో కొంచెం, మాటల్లో కొంచెం మార్జిను వదలండి. తప్పు ఎలాగూ చేస్తాం. దిద్దుకోడానికి చోటుండాలి.